రెండు వందల యాభై ఆరు రంగుల్లో ఒక ఊరు

ఒక గ్రాఫిక్స్ కార్డును ఎంచుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీరు ఆ పనిని అన్నం తింటూ ఎడమచేత్తో ఫోన్‌లో ముగించేస్తారు. నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. ఆ పదకొండు రోజుల్లో ఒక ఊరి ఆడవాళ్ళు ఎన్ని బిందెలు మోసి ఉంటారో తర్వాత ఒకసారి లెక్క వేశాను. లెక్కలు వేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. జవాబు తేలాక మాత్రం ఆ కాగితం దాచుకోలేదు.

అనంతపురంలో, నేల కింద నీళ్ళెక్కడున్నాయో వెతికి చెప్పే ఒక చిన్న ఆఫీసులో నేను ట్రేసర్‌ని. పటం మీద పలచని కాగితం పరిచి, అడుగున కనిపించే గీతలను పై కాగితం మీదికి ఎక్కించడం నా పని. చదువు ఇంటర్ దగ్గర ఆగింది. కంప్యూటర్ గురించి తెలిసిందంతా దానితో వచ్చిన పుస్తకం చదివి, విప్పి, బిగించి నేర్చుకున్నదే. ఆఫీసులో మేం ముగ్గురం: జియాలజిస్టు సారు, టైపిస్టు మేడం, నేను. సారుకు యాభై దాటాయి. కళ్యాణదుర్గం వైపు మనిషి. దారిలో కొత్త రకం రాయి కనిపిస్తే చేత్తో తడమకుండా ముందుకు పోలేరు. మేడం నోటికి మా ఇద్దరికీ భయం.

మా కంప్యూటర్ వేరే ఆఫీసు వాళ్ళు వాడి, పాతబడిందని మాకు పంపినది. "అన్నా, సర్వీసులో ఇది నాకన్నా సీనియర్. ముందు దీనికి ప్రమోషన్ ఇప్పించు" అనేది మేడం. ఉత్తరాలు కొట్టుకోవడానికి అది చాలు. ఉపగ్రహం తీసిన మా జిల్లా బొమ్మ సీడీలో వచ్చిన రోజు నుంచి చాలకుండా పోయింది.

ఆ బొమ్మను మొదటిసారి చూసిన మధ్యాహ్నం ఇంకా నా కళ్ళలో ఉంది. బయట ఎండ, దుమ్ముగాలి. కిటికీ రెక్కలు మూసేశాం. మసక గదిలో తెర ఒక్కటే వెలుగుతోంది. అందులో ఉన్నది మా జిల్లాయే, కానీ మేమెవరం ఎన్నడూ తిరగని జిల్లాలా ఉంది. పచ్చని చెట్టు అందులో ఎర్రగా కనిపిస్తుంది. ఎండిన చేను బూడిద కలిసిన నీలంగా ఉంటుంది. పెన్న ఒడ్డున ఎర్రని దారం. మిగిలిన నేలంతా ఏదో సముద్రపు అడుగులా నీలంగా పరుచుకుని ఉంది. సీమలో పుట్టినవాడికి అంత నీలం చూసే యోగం ఎక్కడిది? ఆ రోజు క్యారియర్ విప్పడం మరిచిపోయాను.

మా నేల అడుగునంతా గట్టి రాయి. నీళ్ళంటూ ఉంటే ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి. పెద్ద పగులు పైనుంచి చూస్తే సన్నని గీతలా తెలుస్తుంది. తెర మీద అలాంటి గీత కనిపిస్తే నేను ట్రేసింగ్ కాగితాన్ని మానిటర్ అద్దానికి టేపుతో అతికించి, పెన్సిల్‌తో దించేవాడిని. సారు ఆ కాగితంతో ఊరికి పోయి, గీత మీద నాలుగైదు చోట్ల పరికరంతో కొలిచి, ఉన్నంతలో మెరుగైన చోట చుక్క పెట్టేవారు. ఆ చుక్క మీద బోరు లారీ వచ్చి నిలబడేది.

గుమ్మఘట్ట వైపు ఒక ఊరికి అలా రెండు చుక్కలు ఇచ్చాం. రెండింట్లోనూ దుమ్మే వచ్చింది.

రెండో బోరు ఎండిన వారానికి ఆ ఊరి సర్పంచమ్మ బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. పొడగరి. నడినెత్తిన, బిందె కింద చుట్టకుదురు పెట్టుకునే చోట, జుట్టు పలచబడి ఉంది. నా బల్ల ముందు నిలబడి, మానిటర్‌కు అతికించిన కాగితాన్ని చూసి అడిగింది.

"ఏమప్పా, మీ గీతల్లో ఉండే నీళ్ళు మా ఊరి పొలిమేర తగిలితే ఇంకిపోతాండాయా?"

సారు లేచి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"సారూ, మూడోది మాకు ఆఖరు బోరంట. లారీ ఇంగ రెండు వారాలకు తిరుగుదారిలో మా ఊరికి వస్తాదంట. ఆ పొద్దుకు మీరు చోటు చూపిస్తే సరి. లేకుంటే దాని దావన అది పోతాది. మళ్ళా ఎప్పుడొస్తాదో దేవునికే ఎరుక. నీళ్ళకు మేము మూడు మైళ్ళు నడుస్తాండాము. నా కోడలు ఆరు నెలల కడుపుతో మోస్తాండాది. వద్దంటే ఇనదు. ఇంటే మాత్రం, ఎవరు మోస్తారు?"

"చూపిస్తానమ్మా" అన్నారు సారు.

"పోయిన రెండుసార్లూ ఇదే మాటే చెప్పినారు" అంది. మేడం ఇచ్చిన చెంబులో నీళ్ళు సగం తాగి, మిగతా సగం తాను తెచ్చుకున్న సీసాలో పోసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ ఊరి ముక్కను మళ్ళీ తెర మీదికి తెచ్చాను. గీత ఉంది. మా రెండు బోర్లూ దాని మీదే ఉన్నాయి. ఊరి చుట్టూ ఇంకేముందో చూద్దామని మౌస్‌తో బొమ్మను పక్కకు జరిపాను. ఎండిన చెరువొకటి తెర మీదికి వచ్చింది. అది రాగానే గీత తన చోటు వదిలి కొంచెం దక్షిణానికి తప్పుకుంది. వెనక్కి జరిపాను. చెరువు పోయింది, గీత మొదటి చోటికి వచ్చేసింది. ఇరవై సార్లు జరిపి చూశాను. ఇరవై సార్లూ అంతే. రాతిలో పగులు చెరువును చూసి పక్కకు తప్పుకోదు.

పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. మా కంప్యూటర్‌లో తెర కోసం ఉన్న మెమరీ ఒక్క మెగాబైటు. మేం పెట్టుకున్న కొలతలో అది ఒకసారికి రెండు వందల యాభై ఆరు రంగులే చూపగలదు. బొమ్మలో ఉన్నవి లక్షల రంగులు. తెర మీదికి ఏ ముక్క వస్తే దాన్నిబట్టి ప్రోగ్రామ్ ఆ కాసిని రంగులు ఏరుకుని, మిగిలినవాటిని దగ్గర్లోని రంగులో కలిపేస్తుంది. నేల రంగు మెల్లమెల్లగా మారుతున్న చోట ఒక రంగు తెగిపోయి ఇంకొకటి మొదలవుతుంది. వాలు మీద లేని మెట్టు కట్టినట్టు. ఆ మెట్టు అంచునే మేము పగులు అనుకున్నాం. పైగా నేను దాన్ని స్కేలు పెట్టి, వంకర సరిచేసి మరీ గీశాను.

సారుకు చూపించాను. ఆయన మౌస్ తీసుకుని తనే నాలుగుసార్లు జరిపి చూశారు.

"గీత నువ్వు గీసినావు, చుక్క నేను పెట్టినాను" అన్నారు చివరికి. "ఎవరి తప్పు ఎంతని లెక్కలేసుకుంటా కూచోవద్దు. ఈ కంటికి చూపు తెప్పించేదెట్లో ఆ లెక్క చూడప్పా."

మేడం టైపు కొట్టడం ఆపింది. "కంటి ఆపరేషనంటే సెలవు పెట్టాల గదా సార్?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

ఆ లెక్క ఇదీ. తెర మీద అడ్డంగా 1024 గళ్ళు, నిలువుగా 768. ఒక్కో గడికి పూర్తి రంగు చూపాలంటే మూడు బైట్లు. గుణిస్తే 23,59,296. రెండు మెగాబైట్ల కార్డులో పట్టేవి 20,97,152. కొరత 2,62,144. గళ్ళు తగ్గించుకుంటే రెండు మెగాబైట్లతోనే గడిచిపోతుంది గానీ, అప్పుడు తెర మీద బొమ్మ కొలత మారుతుంది. పాత ట్రేసింగును కొత్త బొమ్మ మీద పెట్టి ఏది నిజమో పోల్చుకోలేను. కాబట్టి నాలుగు మెగాబైట్లు కావాలి.

రెండో చిక్కు, కార్డు కూర్చునే చోటు. పెట్టె విప్పితే మదర్‌బోర్డు మీద రెండు రకాల స్లాట్లు ఉన్నాయి: పొడుగు నల్లవి, పొట్టి తెల్లవి. అంగడిలో దొరికే కార్డు దేనిలో దిగుతుందో నాకు తెలియదు. తెలియనప్పుడు ట్రేసర్ ఏం చేస్తాడో అదే చేశాను. డివైడర్‌తో కొలిచి కొలిచి, బోర్డు మొత్తాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించాను. స్లాట్లు, మరలు, సూదుల్లాంటి పిన్నులు, వాటి పక్కన చీమల్లాంటి అక్షరాలు, అర్థమైనవీ కానివీ అన్నీ. దానికి మూడు రోజులు పట్టింది. కొనడానికి అనుమతి కాగితం పై ఆఫీసుకు పోయి రావడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

పదో రోజు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయాను. ఒక ఇరుకు సందులో మేడ మీద అంగడి. ఓనరు హిందూపురం నుంచి పోయి అక్కడ స్థిరపడిన మనిషి.

"ఏ గేమ్‌కన్నా?" అన్నాడు.

"గేమ్‌కు కాదు. జిల్లా చూడాల."

అతను నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, మిలమిలలాడే కార్డు ఒకటి తీశాడు. "ఇది తీసుకోండి. కారు రేసు పెడితే మొగాన గాలి కొడతాది."

నేను ట్రేసింగును కౌంటర్ మీద పరిచి, కార్డును దాని మీద పెట్టాను. దాని పళ్ళు ఏ స్లాటు గీతలకూ కలవలేదు.

"ఏందిది, జాతకమా?" అన్నాడు వంగి చూస్తూ.

"మా బోర్డు."

"పదేండ్ల నుంచి అంగడి నడుపుతాండా. బోర్డుకు జాతకం రాయించుకొచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తాండా." పక్క అంగడి వాళ్ళను కూడా పిలిచి చూపించాడు. నవ్వులయ్యాక చెప్పాడు: "కొత్తవన్నీ గోధుమరంగు స్లాటుకే వస్తాండాయి. మీకుండేది తెల్లది. దానికి సరుకు తగ్గిపోయినాది." ఒక కార్డు వెతికి తెచ్చాడు. రెండు మెగాబైట్లది. "మీరు చెప్పే కొలతలోనే అరవై అయిదు వేల రంగులొస్తాయి. చాలవా? చీరలంగట్లో కూడా అన్నుండవు."

ఒక్క నిమిషం నేను మెత్తబడ్డాను. అరవై అయిదు వేలు! కానీ రెండు వందల యాభై ఆరు చాలనుకున్న రోజు కూడా మా మనసు ఇలాగే నిండుగా ఉంది కదా.

"చాలవు. నాలుగుదే కావాల."

నిచ్చెన వేసి, పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. పేరూ ఊరూ లేని కార్డు. ట్రేసింగు మీద పెడితే పళ్ళు తెల్ల స్లాటు గీతల మధ్య అచ్చుగా కూర్చున్నాయి. "జాతకం కలిసినాది, ఇంగ తాళి కట్టేదే" అన్నాడు.

మర్నాడు కార్డు బిగించి, మానిటర్ తీగ దానికి తగిలించి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది.

"చూపు తెప్పిస్తానని ఉండే కన్ను పోగొట్టినావే అన్నా" అంది మేడం. లారీ ఆ ఊరికి రావడానికి ఇంకొక్క రోజే ఉంది. నా లెక్కల్లో మెమరీ ఉంది, స్లాటు ఉంది. బోర్డులోనే ఉన్న పాత తెర చిప్పును ముందు నిద్రపుచ్చాలన్న మాట లేదు. చివరికి నా ట్రేసింగే దారి చూపింది. అర్థం తెలియకుండా దించిన చీమల అక్షరాల్లో, మూడు పిన్నుల పక్కన, ఆ చిప్పు పేరుంది. ఆ పిన్నుల మీది చిన్న టోపీని ఒక పిన్ను పక్కకు జరిపాను.

తెర వెలిగింది. మేడం లేచి వచ్చి నా వెనక నిలబడింది. సారు వచ్చారు. నీళ్ళలో నీలిమందు కరుగుతున్నట్టు నేల ఎక్కడా అంచు లేకుండా పారుతోంది. గుట్టల నీడలు ఊదారంగులో ఉన్నాయి. ఎప్పుడో పారి ఎండిపోయిన వంకలు నిద్రలో కదిలే వేళ్ళలా లేతగా మెరుస్తున్నాయి. నేను పాత ట్రేసింగును అద్దానికి పెట్టాను. నా గీత కింద ఏమీ లేదు. మేము పగులనుకున్న చోట వట్టి నేల, మెత్తగా, ఏ దోషమూ ఎరగనట్టు పడుకుని ఉంది.

"ఇది చూడు" అన్నారు సారు. ఊరికి నైరుతి వైపు జుట్టంత సన్నని ఎర్రగీత. బొమ్మను జరిపాను. గీత బొమ్మతోనే జరిగింది. మళ్ళీ జరిపాను. కదలకుండా తన నేలను పట్టుకునే ఉంది. "చెట్ల వరస" అన్నారాయన. "పగుల్లో తేమ ఉంటే పైన చెట్లు వరసగా లేస్తాయి. దించప్పా, దించు."

నేను దించాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే సిగ్గేసే పని అదే. కోటీ అరవై ఏడు లక్షల రంగులు చూపగల కార్డు మోసుకొచ్చి, ఆ రంగులను నల్ల పెన్సిల్‌తో దించాను. గీతలో ఒకచోట రెండు మూడు గళ్ళు ముదురు ఎరుపులో ఉండటం చూశాను. చూసి, దాని మీద కూడా అదే నల్లగీత గీసుకుంటూ పోయాను. ట్రేసర్ చెయ్యి గీతను చూస్తుంది, రంగును చూడదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా చొక్కా జేబులో ఎర్ర పెన్సిల్ ఉండేది.

లారీ వచ్చిన రోజు పొద్దున సారూ నేనూ ఆ ఊరికి చేరాం. డ్రైవరు తమిళుడు. గడియారం చూపించి, చోటు కోసం మధ్యాహ్నం రెండు దాకా చూస్తానన్నాడు. సర్పంచమ్మ, ఆమె కోడలు, ఇంకో పదిమంది ఆడవాళ్ళు మా వెంట బయల్దేరారు. ట్రేసింగు పట్టుకుని ఊరి చివరి నుంచి గీత వెంట రెండు వందల అడుగులు వేశామో లేదో, సర్పంచమ్మ ఆగిపోయింది.

"ఏమప్పా, మమ్మల్ని యాడికి పిల్చకపోతాండారు?"

"ఈ గీత మీదికమ్మా."

"గీతేందప్పా! ఇది మేము నీళ్ళకు పోయే బాట."

అప్పుడు తలెత్తి చూశాను. బాటకు రెండు వైపులా సర్కారు తుమ్మ కంప. మేకలు దాని కాయలు తిని, బాట పొడవునా గింజలు వేసుకుంటూ పోయాయి. ఆకాశం నుంచి కనిపించిన ఎర్రగీత ఇదే.

వెనకనుంచి ఒక ముసలావిడ అంది: "ఆకాశంలో నుంచి చూసి మా బాట మాకే చూపిస్తాండారా సామీ? అడిగింటే మేమే చెప్తాంటిమి గదా!" ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. సర్పంచమ్మ నవ్వనేలేదు. లారీ వైపు చూస్తోంది.

సారు బాట పక్కన బండ మీద కూర్చుండిపోయారు. నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే ఆ తెర కనిపించింది. నీలం, దాని మీద ఎర్రని పోగు, పోగులో ఆ ముదురు ముడి.

"సార్, గీతంతా ఒకే ఎరుపు కాదు. ఒకచోట ముదురుగా ఉండాది."

"యాడ?"

"ఊరి నుంచి ఎన్ని గళ్ళో లెక్కపెట్టలేదు సార్. బాట వంపు తిరిగే ముందు."

"లెక్కపెట్టలేదా? నువ్వు?" అన్నారాయన. "కాగితం మీద లేదే?"

"నల్ల పెన్సిల్ సార్."

ఆయన లేచి నడిచారు. ఎండలో అందరం వెంట నడిచాం. అర మైలు దాకా కంప మోకాలెత్తున, దుమ్ము కొట్టుకుపోయి, ముళ్ళ మధ్య సన్నని వాడిన ఆకుతో ఉంది. వంపు దగ్గర పడేసరికి అది తలెత్తు దాటింది. తర్వాత ఇంకా లేచింది. మొదళ్ళు చేతికి పట్టనంత లావు. ఆకు లేత పచ్చన. అంత ఎండలోనూ కింద నల్లని చల్లని నీడ.

"ఈడ ఏముందమ్మా?" అని అడిగారు సారు.

"ఏముంటాది సారూ? నీడ. వచ్చేటప్పుడు బిందెలు దించి ఈడ కూచుంటాము. మా అత్త కాలం నుంచీ ఈడనే."

నీడలో నేల నున్నగా అరిగి ఉంది. దాని నిండా గుండ్రటి గుంతలు, బిందె అడుగంత, వరసలు వరసలుగా. సారు గొంతుక్కూర్చుని ఒక గుంతలో అరచెయ్యి పెట్టారు.

"కంపంతా వాడిపోతే ఇది మాత్రం పచ్చగా ఎట్లుండాదని ఎప్పుడూ అనుకోలేదా తల్లీ?"

ఆ ప్రశ్నకు కోడలు జవాబిచ్చింది. "మా బిందెలు తొణికి తడుస్తాండాది గదా, అందుకే పచ్చగుండాదనుకొంటిమి."

వెంట మోయించుకొచ్చిన పరికరాన్ని సారు దింపించారు. నేలలోకి ఇనప కడ్డీలు దిగగొట్టి, కరెంటు పంపి, లోతున రాయి ఎంత అడ్డుకుంటోందో చూసే పరికరం అది. ఆయన అంకెలు చదివారు, నేను రాశాను. లోతుకు పోయే కొద్దీ పెరగాల్సిన అంకె ఒకచోట పడిపోయింది. ఇంకోసారి కొలిచాం. మళ్ళీ అక్కడే పడింది, ఆ లోతున రాయి పగిలి తడిగా ఉన్నట్టు. సారు చుక్క పెట్టారు.

లారీ లోపలికి రావాలంటే కంప కొట్టాలి. ఆడవాళ్ళు ఊళ్ళోకి పోయి మచ్చుకొడవళ్ళు తెచ్చి, తామే కొట్టారు. వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చున్న నీడ గంటలో కుప్పయి పక్కన పడింది.

బోరు మొదలైంది. వంద అడుగులు, దుమ్ము. నూట యాభై, దుమ్ము. రెండు వందలు. అందరి మొహాలూ తెల్లగా, దయ్యాల్లా అయ్యాయి. ఇంకో పైపు దించారు. సర్పంచమ్మ నావైపు చూడలేదు, అదొక్కటే ఆమె నాకు చేసిన మేలు. రెండు వందల ముప్పై దాటాక దుమ్ము లేవడం ఆగింది. మిషన్ చప్పుడు మందగించి, బొంగురుపోయింది. బురద వచ్చింది. ఆ తర్వాత నీళ్ళు, మనిషెత్తు, ఇద్దరు మనుషులెత్తు లేచి, ఎండలో తెల్లగా విరిగి పడ్డాయి.

కేకలు, ఈలలు. ముసలావిడ సారు చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. నేను మాత్రం కింద నేలను చూస్తూ ఉండిపోయాను. బురదనీళ్ళు వాలు వెంట పాకి బిందెల గుంతల దగ్గరకు వచ్చాయి. మొదటి వరస నిండింది. ఒక్కో గుంత ఒక్కో గుండ్రటి అద్దంలా కాసేపు ఆకాశాన్ని చూపించింది. తర్వాత అంచులు కరిగి పక్కదానిలో కలిసిపోయాయి. రెండో వరస. మూడో వరస.

కోడలు నడుం పట్టుకుని, అలవాటు చొప్పున, కూర్చోవడానికి పొడి చోటు వెతుకుతోంది. ఎక్కడా లేదు.

"యాడ కూచుంటావే?" అంది సర్పంచమ్మ, ఆమె జబ్బ పట్టుకుని. "పా, ఇంటికి పోయి కూచుందువు."